ఆంగ్లమునందలి బహ్వక్షర నామవాచకములు : ప్రత్యయము, అక్షరవిభాగము, ఊనిక

తెలుగు మాతృభాషగా గల బాలుడు ఆంగ్లపాఠమును చదువునప్పుడు చిన్నమాటలయందు తడబడడు. ‘హౌస్’, ‘ట్రీ’, ‘వాటర్’ వంటి మాటలను విన్నవారు వెంటనే గ్రహింతురు. మాట పెరిగి నాలుగైదక్షరములు కాగానే చిక్కు మొదలగును. వర్ణక్రమమున దోషము లేకయే, ప్రతి యక్షరమును నిండుగా పలికియే, ఆ బాలుడు ‘ఫోటోగ్రఫీ’ యనును, ‘డెమోక్రసీ’ యనును, ‘ప్రొనౌన్సియేషన్’ అనును. దూరప్రాంతము నుండి వచ్చిన వినువాడు ఒక్కక్షణ మాగి మరల చెప్పుమని యడుగును. బాలునకు తన తప్పేమియో తెలియదు. అందుచేత అదే మాటను ఇంకను నిదానముగా, అక్షరములన్నిటిని సమముగా ఒత్తి పలుకును. అప్పుడా మాట మునుపటికంటె దుర్గ్రాహ్యమగును.

కర్ణాటక, తమిళనాడు, ఒడిశా, మహారాష్ట్రలయందును, యానాంనందును తరతరములుగా స్థిరపడిన తెలుగు కుటుంబములలో ఇట్టి చిన్న సంఘటన పెద్ద ప్రశ్నకు దారితీయుచున్నది. తెలుగుబడిలో చదివినందువలననే పిల్లవాని ఆంగ్లము చెడినదని తల్లిదండ్రులు కొందరు తలంతురు. తెలుగు మానిపించినచో ఆంగ్లము దానంతటదియే బాగుపడునని ఆశింతురు. ఈ తలంపు వలన బడిలో తెలుగు తరగతి ఒక్కొక్క పిల్లవానినే కోల్పోవుచుండును.

ఈ తలంపు సరియైనది కాదు. దోషము మాతృభాషది కాదు. ఒక భాషయొక్క లయను తెలియక మరియొక భాషకు తగిలించుటలో ఉన్నది. ఆ లయభేదమును తెలిసికొనుటకు వలసిన సాధనములు తెలుగు వ్యాకరణమునందును, ఛందస్సునందును సిద్ధముగానే ఉన్నవి. ప్రత్యయమన నేమో, గురులఘువు లన నేమో ఎరిగిన విద్యార్థికి ఆంగ్లపు పొడుగుమాటలు భయపెట్టునవి కావు. దీనిని సోదాహరణముగా నిరూపించుటయే ఈ వ్యాసమున ఉద్దేశింపబడినది.

రెండు భాషల లయ

తెలుగునందు అక్షరమునకు విలువ కాలమును బట్టి కలుగును. ఒక మాత్ర కాలము పట్టునది లఘువు, రెండు మాత్రలు పట్టునది గురువు. లఘువు చిన్నదైనను దాని అచ్చు స్వచ్ఛముగా పలుకబడును. ‘కలము’ అనునప్పుడు మూడక్షరముల అచ్చులును స్పష్టముగా వినవచ్చును. ఒక అక్షరమును గట్టిగా ఒత్తి పలికినంతమాత్రమున మాటకు అర్థము మారదు. కన్నడ, తమిళ, ఒడియా, మరాఠీ భాషలయందును ఒత్తిడిచేత అర్థము మారు పద్ధతి లేదు. కావున బళ్ళారిలోనైనను, హొసూరులోనైనను, బరంపురములోనైనను, షోలాపురములోనైనను తెలుగు బాలుడు ఇంటిభాషనుండి గాని, వీధిభాషనుండి గాని ఈ యలవాటును పొందు నవకాశము లేదు.

ఆంగ్లమున ప్రతి పెద్దమాటయందును ఒక అక్షరము మిగిలినవాటికంటె బలముగా, కొంచెము దీర్ఘముగా, తరచుగా స్వరభేదముతో పలుకబడును. ఆంగ్లేయులు ‘స్ట్రెస్’ అను దీనిని ఇచ్చట ‘ఊనిక’ అని వ్యవహరింతము. ‘అక్షరము’ అనగా ఇచ్చట లిపిలోని వర్ణము కాదు. ఛందస్సున చెప్పబడునట్లు ఒక అచ్చును ఆశ్రయించి ఒక్క ఊపులో పలుకబడు భాగము. ఊనిక గల అక్షరమునకు ముందు నిఘంటువులలోవలె ˈ అను చిన్న నిలువుగీత ఉంచబడినది.

ఊనికచేత ఆంగ్లమున అర్థమే మారవచ్చును. ˈరె-కార్డ్ అనిన నామవాచకము. రి-ˈకార్డ్ అనిన క్రియ. ˈకాన్-డక్ట్ అనిన నడవడి. కన్-ˈడక్ట్ అనిన నడిపించుట. వ్రాతలో ఈ జంటలకు భేదమే లేదు.

మరియొక విశేషము కలదు. ఊనిక లేని అక్షరములు ఊరక తగ్గుట మాత్రమే కాదు. వాటి అచ్చులు తమ రంగును కోల్పోయి, హ్రస్వ అకారమునకు దగ్గరగా ఉండు ఒక అస్పష్టధ్వనిగా మారును. భాషాశాస్త్రజ్ఞులు దీనిని ‘ష్వా’ అందురు. ఆంగ్లభాషణమున మిక్కిలి తరచుగా వినవచ్చు అచ్చు ఇదియే. అయినను ఆంగ్లలిపిలో దీనికి ప్రత్యేకమైన అక్షరము లేదు. తెలుగు విద్యార్థి వ్రాసియున్న ప్రతి అచ్చును నిండుగా పలుకును. తెలుగులిపికి అది ధర్మము. ఆంగ్లలిపికి ఆ ధర్మము లేదు.

అక్షరములను లెక్కించుట

ఊనిక ఎచ్చట పడునో తెలియుటకు మాట చివరనుండి అక్షరములను లెక్కింపవలసి యుండును. కావున లెక్క మొదట సరిగా ఉండవలెను. తెలుగువారికి ఇందు నాలుగు మెలకువలు అవసరము.

మొదటిది: లెక్కింపవలసినది అచ్చుధ్వనులనే కాని అచ్చులిపులను కాదు. ‘ఎడ్యుకేషన్’ అను మాట చివర ఆంగ్లమున రెండు అచ్చులు వ్రాయబడును; పలుకుబడిలో ‘షన్’ అను ఒక్క అక్షరమే వినవచ్చును. కావున ఎడ్-యు-కే-షన్ అని నాలుగే అక్షరములు.

రెండవది: తెలుగు అజంతభాష. హలంతములైన అన్యదేశ్యములు తెలుగులోనికి వచ్చునప్పుడు సాధారణముగా ఉకారమును చేర్చుకొనును: బస్సు, పెన్ను, గవర్నమెంటు, స్టేషను. తెలుగు మాటాడునప్పుడు ఇది దోషము కాదు, భాషయొక్క స్వభావము. అయితే ఆంగ్లమున లెక్కించునప్పుడు ఈ ఉకారమును తీసివేయవలెను. లేనిచో ‘ఎడ్యుకేషను’ అను మాటకు ఐదక్షరము లగును, చివరినుండి రెండవది ‘కే’ కావలసినది ‘ష’ యగును, సూత్రమంతయు తలక్రిందులగును. అదేవిధముగా ‘ఇస్కూలు’, ‘ఇస్టేషను’ అని మాటకు ముందు చేరు ఇకారమును కూడ విడువవలెను.

మూడవది: తెలుగులిపిలో సంయుక్తాక్షరము ఒక్క గుర్తుగా తరువాతి అచ్చుతో కలిసి యుండును. ‘డిక్షనరీ’ యందు ‘క్ష’ ఒక్క గుర్తు. పలుకుబడిలో క-కారము ముందరి అక్షరమునకు చేరి, డిక్-ష-న-రి యగును. ఛందస్సున సంయుక్తాక్షరమునకు ముందున్న లఘువు గురువగుటకు గల కారణము ఇదియే కదా. ఛందస్సు నేర్చిన విద్యార్థికి ఈ విభాగము క్రొత్త కాదు.

నాలుగవది: ఆంగ్లమున విభాగము ఊనికను అనుసరించి మారును. అమెరికను నిఘంటువులలో ‘ఫోటోగ్రాఫ్’ అను మాట ఫో-టో-గ్రాఫ్ అని విభజింపబడును. అందుండి పుట్టిన ‘ఫొటోగ్రఫి’ యందు ఊనిక రెండవ అక్షరముమీదికి జరుగగానే ఆ అక్షరము తరువాతి హల్లును తనలో చేర్చుకొని ఫ-టాగ్-ర-ఫి యగును. హ్రస్వమైన అచ్చునకు ఊనిక కలిగినప్పుడు పక్కనున్న హల్లు దానికి అండగా నిలుచునని చెప్పవచ్చును. ఈ విషయమున అందరును ఏకాభిప్రాయులు కారు. ‘నాలెడ్జ్’ అను మాటను పంక్తి చివర విరుచునప్పుడు, పలుకుబడి ననుసరించు అమెరికను పద్ధతి ‘ఎల్’ అను వర్ణమును ముందుభాగమున ఉంచును. వ్యుత్పత్తిని అనుసరించు బ్రిటిషు పద్ధతి ‘నో’ అను ధాతువును చెడగొట్టక, ‘ఎల్’ వర్ణమును తరువాతి భాగమునకు చేర్చును. కావున పుస్తకమున పంక్తి చివర కనబడు విరుపును చూచి పలుకుబడిని నిర్ణయింపరాదు. క్రింది ఉదాహరణములయందు చదువరుల సౌలభ్యమునకై హల్లు తెలుగు పద్ధతిలో తరువాతి అచ్చుతోనే చేర్చబడినది.

మూలమును కదల్పని ప్రత్యయములు

తెలుగున ‘మంచి’కి ‘తనము’ చేరి ‘మంచితనము’ అగును. ‘గొప్ప’ ‘గొప్పతనము’ అగును. ‘పేద’ ‘పేదరికము’ అగును. మూలపదము తన రూపమును చెడగొట్టుకొనదు. సంస్కృతమునుండి వచ్చిన తత్సమములయందు వేరొక మర్యాద కనబడును. ‘సుందర’ శబ్దము ‘సౌందర్యము’ అగును; ‘పండిత’ ‘పాండిత్యము’ అగును; ‘ధీర’ ‘ధైర్యము’ అగును. ప్రత్యయము చివర చేరినను కదలిక మాట మొదట కలుగును. ఒకే తెలుగువాక్యమున ఈ రెండు మర్యాదలును ప్రక్కప్రక్కనే నడచుచుండును. పరవస్తు చిన్నయసూరి 1858లో ప్రకటించిన బాలవ్యాకరణమున తద్ధితములకును, కృదంతములకును వేర్వేరు పరిచ్ఛేదములు కల్పించి, ప్రత్యయముల ప్రవృత్తిని బోధించెను. తెలుగు విద్యార్థి ఈ పాఠమును చదివియే యుండును.

ఆంగ్లమునందును సరిగా ఇట్టి రెండు మర్యాదలు కలవు. ఆ భాషకు వంశక్రమాగతములైన ప్రత్యయములు కొన్ని. 1066లో నార్మనులు ఇంగ్లండును జయించిన పిదప ఫ్రెంచి మూలమునను, తరువాత విద్వాంసుల ద్వారా లాటిను, గ్రీకు భాషలనుండియు వచ్చినవి మరికొన్ని. మొదటి తెగకు చెందినవి ‘నెస్’, ‘హుడ్’, ‘షిప్’, ‘డమ్’ మున్నగునవి. ఇవి తెలుగు ‘తనము’ వంటివి. మూలపదముయొక్క ఊనికను కదల్పవు.

ˈకేర్-ఫుల్ అను మాట ˈకేర్-ఫుల్-నెస్ అగును. ˈనే-బర్ అను మాట ˈనే-బర్-హుడ్ అగును. ˈసి-టి-జన్ అను మాట ˈసి-టి-జన్-షిప్ అగును. మాట ఎంత పెరిగినను ఊనిక తన ఇల్లు విడువదు.

‘మెంట్’ అను ప్రత్యయము లాటిను జాతిదే యైనను ఈ దేశీయుల పొత్తున చేరి, వారివలెనే ప్రవర్తించును. డి-ˈవె-లప్ అను క్రియనుండి డి-ˈవె-లప్-మెంట్ పుట్టును. తెలుగువారు దీనిని ‘డెవలప్‌మెంటు’ అని మొదటి యక్షరమును ఒత్తి పలుకుట సర్వసాధారణము. మూలక్రియను ఒకమారు తలచుకొన్నచో ఈ తప్పు దొరలదు. గ్రీకునుండి వచ్చిన ‘ఇజమ్’ కూడ సామాన్యముగా ఇట్టిదియే: ˈన్యా-ష-నల్ నుండి ˈన్యా-ష-న-లి-జమ్.

ఊనికను లాగుకొను ప్రత్యయములు

రెండవ తెగకు చెందిన ప్రత్యయములు ‘సౌందర్యము’ నందలి ప్రత్యయమువంటివి, మూలమును కదల్చును. అయితే ఆ కదలికకు నియమము కలదు. ఊనిక ఎచ్చటనున్నను, ప్రత్యయము దానిని తనకు సరిగా ముందున్న అక్షరముమీదికి లాగుకొనును.

‘షన్’ అని పలుకబడు ప్రత్యయము ఇందు ముఖ్యమైనది. ˈఎడ్-యు-కేట్ అను క్రియ ఎడ్-యు-ˈకే-షన్ అగును. ఇన్-ˈఫార్మ్ అను క్రియ ఇన్-ఫ-ˈమే-షన్ అగును. అడ్-ˈమి-ని-స్టర్ అను క్రియ అడ్-మి-ని-ˈస్ట్రే-షన్ అగును. ప్ర-ˈనౌన్స్ అను క్రియనుండి ప్ర-నన్-సి-ˈఏ-షన్ పుట్టును. ఇచ్చట క్రియలోని ‘నౌ’ నామవాచకమున ‘న’ యగుటను గమనింపవలెను. ఊనిక పోవుటతో అచ్చుయొక్క నిండుదనము కూడ పోయినది. ఉచ్చారణము అను అర్థమునిచ్చు మాటనే తప్పుగా ఉచ్చరించుట ఈ కారణముచేతనే జరుగుచున్నది.

‘ఇటి’ అను ప్రత్యయమునకు రెండక్షరములు. దానికి ముందున్న అక్షరమునకు, అనగా చివరినుండి మూడవదానికి ఊనిక కలుగును. ˈపా-సి-బుల్ అనునది పా-సి-ˈబి-లి-టి యగును. ఇ-ˈలెక్-ట్రిక్ అనునది ఇ-లెక్-ˈట్రి-సి-టి యగును. ఇందు చివరి కకారము సకారముగా మారుట కూడ జరిగినది. ˈయూ-ని-వర్స్ అనునది యూ-ని-ˈవర్-సి-టి యగును. తెలుగువారు ‘యూనివర్సిటీ’ యని తుది యక్షరమును దీర్ఘముగా పలుకుదురు. ఆ దీర్ఘము గురువై వినువాని దృష్టిని తనవైపునకు త్రిప్పుకొనును. నిజమైన ఊనికాస్థానము మరుగుపడును. తుది ‘టి’ హ్రస్వమే యని బోధించినచో సగము చిక్కు తీరును.

‘గ్రఫి’, ‘లజి’, ‘క్రసి’, ‘మెట్రి’ అని ముగియు శాస్త్రనామములకును చివరినుండి మూడవ అక్షరమే స్థానము. ˈఫో-ట-గ్రాఫ్ నుండి ఫ-ˈటా-గ్ర-ఫి, ˈడె-మ-క్రాట్ నుండి డి-ˈమా-క్ర-సి, బై-ˈఆ-ల-జి, జి-ˈఆ-మి-ట్రి. ‘ఇక్’ చేరిన విశేషణములలో ఊనిక మరల ఒక యడుగు జరిగి డె-మ-ˈక్రా-టిక్ అగును. ఒకే కుటుంబమునకు చెందిన మూడు మాటలలో ఊనిక మూడుచోట్ల నుండుటను బాలుడు ఒకమారు చెవితో పట్టుకొన్నచో ఇక మరువడు.

‘ఇయన్’ అను ప్రత్యయముతో ముగియు వృత్తినామములును ఈ తెగలోనివే: ˈమ్యూ-జిక్ నుండి మ్యూ-ˈజి-షన్, ˈలై-బ్ర-రి నుండి లై-ˈబ్రే-రి-అన్, ˈపా-లి-టిక్స్ నుండి పా-లి-ˈటి-షన్.

పెక్కు ప్రత్యయములు ఒకదానిపై నొకటి చేరినప్పుడు, వాటిలో చివరగా చేరిన కదల్చు ప్రత్యయమే అధికారి. ˈనే-షన్, ˈన్యా-ష-నల్, న్యా-ష-ˈన్యా-లి-టి, న్యా-ష-న-లై-ˈజే-షన్ అను వరుసను చూచినచో ఇది తేటపడును. తరువాత కదల్పని ప్రత్యయము చేరినచో ఊనిక ఉన్నచోటనే ఉండును: ఎడ్-యు-ˈకే-షన్, ఎడ్-యు-ˈకే-ష-నిస్ట్.

తానే ఊనికను ధరించు ప్రత్యయములు

మూడవ తెగ చిన్నది. ‘ఈ’, ‘ఈర్’, ‘ఈజ్’ అను ప్రత్యయములు ఊనికను ఇతరులకీయక తామే ధరించును: రె-ఫ్యు-ˈజీ, ట్రే-ˈనీ, వా-లన్-ˈటీర్, జ్యా-ప-ˈనీజ్. ˈఎన్-జిన్ అను మాటకు మొదట నున్న ఊనిక ఎన్-జి-ˈనీర్ అనునప్పుడు తుదకు చేరును. ఈ మాటలలో తుది యక్షరము దీర్ఘమగుటచేత తెలుగు చెవికి ఇది సులభముగా అలవడును. ‘కమిటీ’ మాత్రము ఈ తెగవలె కనబడుచునే దానికి లొంగక క-ˈమి-టి యని నడుమనే ఊనికను ఉంచుకొనును.

గురులఘువులు నిర్ణయించు చోటు

ఇంతవరకు చెప్పిన ప్రత్యయములకు స్థానము నియతము. ‘అన్స్’ అని పలుకబడు ప్రత్యయమున మాత్రము స్థానము మారుచుండును. ఇండిపెండెన్సు నందు ఒకచోట, ఇంటెలిజెన్సు నందు మరియొకచోట ఊనిక యుండును. ఇది అవ్యవస్థ యని తోచును. ఛందస్సు నెరిగిన తెలుగు విద్యార్థికి ఇచ్చటనే జయము.

నియమ మిది: చివరినుండి రెండవ అక్షరము గురువైనచో ఊనిక దానిమీద, అది లఘువైనచో ఊనిక ఒక యడుగు వెనుకకు జరిగి మూడవదానిమీద.

ఇన్-డి-ˈపెన్-డన్స్, కా-రి-ˈస్పాన్-డన్స్, రి-ˈజిస్-టన్స్, డి-ˈస్టర్-బన్స్ అను మాటలలో ఉపాంత్యాక్షరము హల్లుతో మూయబడి గురువైనది. అ-ˈపీ-రన్స్, అడ్-ˈహీ-రన్స్ అను మాటలలో దీర్ఘముచేత గురువైనది. కావున ఊనిక అచ్చటనే నిలిచినది.

ˈకాన్-ఫి-డన్స్, ˈఎ-వి-డన్స్, ఇన్-ˈటె-లి-జన్స్, సిగ్-ˈని-ఫి-కన్స్ అను మాటలలో ఉపాంత్యాక్షరము లఘువు. ఊనిక దానిని దాటి వెనుకకు పోయినది. ‘సిగ్నిఫికెన్సు’ నందు మొదటి ‘సిగ్’ గురువైయున్నను ఊనిక దానికి దక్కక, లఘువైన ‘ని’కి దక్కినది. పరీక్షింపవలసినది ఉపాంత్యము నొక్కదానినే యని దీనివలన తెలియును.

క్రియలో గురువుగా ఉన్నది నామవాచకమున లఘువైనప్పుడు కలుగు మార్పు మరింత ఆసక్తికరము. కన్-ˈఫైడ్ అను క్రియలోని ‘ఫై’ ˈకాన్-ఫి-డన్స్ నందు ‘ఫి’ యైనది. రి-ˈజైడ్ లోని ‘జై’ ˈరె-జి-డన్స్ నందు ‘జి’ యైనది. మేన్-ˈటేన్ అను క్రియనుండి ˈమేన్-టి-నన్స్ వచ్చినది. ‘మెయింటెనెన్సు’ అని నడుమ అక్షరమును ఒత్తి పలుకువారు క్రియయొక్క ఊనికనే నామవాచకమునకు తగిలించుచున్నారు.

ఇందొక హెచ్చరిక అవసరము. గురులఘు నిర్ణయము ధ్వనినిబట్టి చేయవలెను, వర్ణక్రమమునుబట్టి కాదు. ఇంటెలిజెన్సు అను మాటలో లకారము రెండుమారులు వ్రాయబడినను పలుకబడునది ఒక్కటియే. తెలుగు ద్విత్వమువలె అది ముందరి అక్షరమును గురువు చేయదు.

ఈ నియమము లాటినుభాషనుండి ఆంగ్లమునకు సంక్రమించినది. నోమ్ చామ్‌స్కీ, మోరిస్ హాలే అను పండితులు 1968లో ప్రకటించిన ‘ది సౌండ్ పాటర్న్ ఆఫ్ ఇంగ్లీష్’ అను గ్రంథమున ఆంగ్లపదముల ఊనికను వివరించుచు అక్షరముల గురులఘుత్వమునకు ప్రధానస్థాన మొసగిరి. అంతకు చాల పూర్వమే, 1775లో, జాన్ వాకర్ మాటలను మొదటి వర్ణమునుబట్టి గాక తుది వర్ణములనుబట్టి కూర్చిన నిఘంటువును ప్రకటించెను. ఒకే ప్రత్యయముతో ముగియు మాటలన్నియు దానిలో ఒక్కచోట చేరును. పొడుగుమాట మర్మము దాని తోకలో ఉన్నదను సంగతి ఆ కూర్పువలన కన్నులకు కట్టును.

పాణిని చూపిన మార్గము

ప్రత్యయము మాటయొక్క స్వరస్థానమును నిర్ణయించుననుట భారతీయులకు నవీనవిషయము కాదు. పాణిని అష్టాధ్యాయియందు ప్రత్యయములకు ‘ఇత్తు’లను గుర్తులను తగిలించెను. అవి పలుకబడవు, పని చేయును. ప్రత్యయమునకు ఞకారము గాని నకారము గాని ఇత్తుగా నున్నచో, దానితో ఏర్పడిన పదముయొక్క మొదటి అచ్చు ఉదాత్తమగును. లకారము ఇత్తైనచో ప్రత్యయమునకు ముందున్న అచ్చు ఉదాత్తమగును. చకారము ఇత్తైనచో తుది యచ్చు ఉదాత్తమగును. వేదస్వరము ప్రధానముగా ధ్వనియొక్క ఎత్తుపల్లములకు సంబంధించినది. ఆంగ్లపు ఊనికయందు బలము, నిడివి కూడ కలిసియుండును. ఈ భేదమున్నను రెండింటియందును సూత్రబద్ధత యొక్కటే. ‘షన్’, ‘ఇటి’ అను ఆంగ్లప్రత్యయములు ముందున్న అక్షరమునకు ఊనిక నిచ్చుట, లకార మిత్తుగా గల సంస్కృతప్రత్యయముల రీతినే తలపించును.

రెండవ ఊనిక, మినహాయింపులు

ఐదారక్షరముల మాటలో ఒక్క ఊనికయే చాలదు. ప్రధానమైన ఊనికకు ముందు మరియొక చిన్న ఊనిక కూడ వినవచ్చును. ఎడ్-యు-ˈకే-షన్ నందు ‘ఎడ్’మీదను, ఇగ్-జా-మి-ˈనే-షన్ నందు ‘జా’మీదను అది కలదు. ఈ చిన్న ఊనిక తరచుగా ప్రధానస్థానమునకు రెండక్షరముల ముందుండును. నడుమనున్న అక్షరము త్వరగా దొర్లిపోవును.

మినహాయింపులను దాచుట తగదు. ‘ఇక్’తో ముగియు ఎ-క-ˈనా-మిక్స్ నియమమును పాటించును, ˈపా-లి-టిక్స్, అ-ˈరిత్-మ-టిక్, ˈరె-ట-రిక్ పాటింపవు. ‘అన్స్’తో ముగియు ˈసర్-కమ్-స్టన్స్ గురువును దాటి వెనుకకు పోవును. కొన్ని మాటలకు దేశభేదము కలదు: అడ్వర్టయిజ్‌మెంటు అను మాటకు బ్రిటిషువారు రెండవ అక్షరమున ఊనిక నుంతురు; అమెరికనులు మూడవదానియందుంచి పలుకుట సాధారణము. సంధిసూత్రములకు బహుళము లున్నట్లే వీనికిని బహుళము లున్నవి. బహుళమున్నదని సూత్రమును విడుచువారు లేరు.

వ్రాత ఒక్కటియైనంత మాత్రమున ఊనిక ఒక్కటి కాదనుటకు 1954వరకు ఫ్రెంచిపాలనలో ఉండిన యానాం మంచి నిదర్శనము. అచ్చట ఫ్రెంచి చదువుకొన్న పెద్దలకు ‘ఎడ్యుకేషన్’, ‘అడ్మినిస్ట్రేషన్’ అను మాటలు ఫ్రెంచి గ్రంథములలోను దాదాపు అదే వర్ణక్రమముతో కనబడెను. ఫ్రెంచిభాష బలమును తుది యక్షరమున ఉంచును. ఆంగ్లము దానికి ముందరి అక్షరమున ఉంచును. ఒకే లాటినుమూలమునుండి వచ్చిన ఒకే మాటను రెండు భాషలు తమతమ లయలలో నడిపించుకొన్నవి. తెలుగు తన లయలో నడిపించుకొని ‘ఎడ్యుకేషను’ అనుటలో అవమాన మేమియు లేదు. ఏ భాష మాటాడుచున్నప్పుడు ఆ భాష లయను పాటించుటయే నేర్పు.

బడియందు అభ్యాసక్రమము

ఈ పాఠమును బోధించుటకు యంత్రములు గాని, వ్యయము గాని అక్కరలేదు. ఉపాధ్యాయుడు నల్లబల్లమీద ఒక మాటను వ్రాయును. విద్యార్థులు మొదట తుది ఉకారమును విడిచి అక్షరములను వేళ్ళపై లెక్కింతురు. పిదప ప్రత్యయమును గుర్తించి, అది కదల్పనిదో, లాగుకొనునదో, తానే ధరించునదో, గురులఘువులను అడుగునదో చెప్పుదురు. అటుపై ఊనికాస్థానమున చేతితో ఒక తాళము వేసి, తక్కిన అక్షరములను తేలికగా పలుకుదురు. చివరకు ఆ మాటను వాక్యమున నుంచి చదువుదురు. మూలపదమును, దానినుండి పుట్టిన మాటను జంటగా పలికించుట అన్నిటికంటె ముఖ్యము. జంటలోనే కదలిక వినవచ్చును.

నిఘంటువును చూచుట కూడ నేర్పవలెను. అంతర్జాతీయ ధ్వనిలిపి ననుసరించు నిఘంటువులు గీతను ఊనిక గల అక్షరమునకు ముందుంచును. పాత అమెరికను నిఘంటువులు కొన్ని దానిని అక్షరమునకు తరువాత నుంచినవి. ఈ భేదము తెలియనివాడు నిఘంటువును చూచియు తప్పే పలుకును. ఒకే గీత ఒక పుస్తకమున ముందరి యక్షరమునకును, మరియొక పుస్తకమున తరువాతి యక్షరమునకును చెందుటయే ఇందులకు కారణము.

ఇంగ్లండువారిని అనుకరించుట ఈ అభ్యాసముయొక్క లక్ష్యము కాదు. భారతీయుల ఆంగ్లమునకు తనదైన ధ్వని యున్నది, అది ఉండనిండు. పిల్లవాడు చెప్పిన మాట వినువానికి ఒక్కమారే అందవలెను. మరల చెప్పుమన్నప్పుడు వాని ముఖము చిన్నబోకూడదు. కోరదగినది ఇంతమాత్రమే.

ఇందులకై తెలుగును మానిపింప నక్కరలేదు. తెలుగు మానిన బాలునకు ప్రత్యయమన నేమో ఆంగ్లమున మరల మొదటినుండి చెప్పవలసి వచ్చును. గురులఘువుల మాట చెప్పుటకే వీలుండదు. పద్యపాదమునకు గణవిభజన చేయగల బాలుడు ‘సిగ్నిఫికెన్సు’ నందలి ‘ఫి’ లఘువని చిటికెలో చెప్పగలడు. ‘సుందర’ శబ్దము ‘సౌందర్యము’ అగుటను నేర్చినవాడు ‘పాసిబుల్’ ‘పాసిబిలిటి’ యగుటకు ఆశ్చర్యపడడు. సరిహద్దులకు ఆవల తెలుగుబడిని నిలుపుకొన్న పెద్దలు తమ పిల్లలకిచ్చినది ఒక్క భాషను మాత్రమే కాదు. ఇతరభాషలను విప్పి చూచుటకు పనికివచ్చు తాళపుచెవిని కూడ ఇచ్చినారు. ఆ చెవిని త్రిప్పి చూపుట ఉపాధ్యాయుని వంతు; దానిని పారవేయకుండుట తల్లిదండ్రుల వంతు.